ఫర్ వృక్షాల సంకరం: జిగురుబొట్టులో దాగిన వంశచరిత్ర

అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ పర్వతాలపై రెండు రకాల ఫర్ వృక్షాలు సహజంగా పెరుగుతాయి. దక్షిణాన ఉత్తర కరోలినా, టెనెసీ రాష్ట్రాల ఉన్నత శిఖరాలపై కనిపించేది ఫ్రేజర్ ఫర్. ఉత్తరాన కెనడా అడవుల వరకు విస్తరించి ఉన్నది బాల్సమ్ ఫర్. ఈ రెండింటికీ నడుమ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల్లోని కొన్ని ఎత్తయిన ప్రదేశాల్లో మరికొన్ని చెట్లున్నాయి. వాటిని పూర్తిగా ఫ్రేజర్ ఫర్ అనడానికి లేదు, పూర్తిగా బాల్సమ్ ఫర్ అనడానికీ లేదు. ఇవి రెండు జాతుల కలయికతో పుట్టిన సంకరాలా, లేక ఒకప్పుడు ఏకంగా ఉన్న మూలజాతికి మిగిలిన శకలాలా అన్న ప్రశ్న వృక్షశాస్త్రవేత్తలను దశాబ్దాల పాటు ఆలోచింపజేసింది. జవాబు కోసం వారు ఆశ్రయించిన ఆధారాల్లో ముఖ్యమైనది చెట్టు బెరడు నుంచి తీసిన ఒక్క జిగురుబొట్టు.

చెట్టు స్రవించే జిగురులో ఏయే రసాయనాలు ఏయే పాళ్లలో ఉన్నాయో కొలిచి, ఆ చెట్టు వంశాన్ని అంచనా వేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో రూపుదిద్దుకుంది. డీఎన్ఏ పరీక్షలు అందుబాటులోకి రాకముందు శంఖాకార వృక్షాల బంధుత్వాలను తేల్చడంలో ఇది ప్రధాన సాధనాల్లో ఒకటిగా నిలిచింది. నేటికీ దాని ప్రయోజనం తీరిపోలేదు.

ఫర్ జాతుల గుర్తింపులో చిక్కు

శాస్త్రీయంగా ఏబీస్ అనే ప్రజాతికి చెందిన వృక్షాలను ఫర్ అంటారు. ఉత్తరార్ధగోళంలోని చల్లని పర్వత ప్రాంతాల్లో దాదాపు 50 జాతులున్నాయి. దేవదారు, చీడ్ పైన్, స్ప్రూస్ వృక్షాలకు ఇవి దగ్గరి బంధువులు. ఫర్ శంకువులు కొమ్మలపై నిటారుగా నిలబడతాయి. పండిన తరువాత చెట్టు మీదనే పొలుసులుగా విడిపోయి రాలిపోతాయి, నడిమి కాడ మాత్రం కొమ్మపై మిగులుతుంది.

జాతులను వేరుపరచడానికి శంకువు పొలుసుల వెనుక ఉండే సన్నని పుచ్ఛదళాలు, ఆకుల మీది పత్రరంధ్రాల వరుసలు, ఆకు లోపలి జిగురు నాళాల స్థానం వంటి లక్షణాలను శాస్త్రవేత్తలు గమనిస్తారు. ఫ్రేజర్ ఫర్ శంకువులో పుచ్ఛదళాలు పొలుసులను దాటి బయటికి వచ్చి కిందికి వంగి ఉంటాయి. సాధారణ బాల్సమ్ ఫర్‌లో అవి పొలుసుల చాటున దాగి ఉంటాయి. మధ్య ప్రాంతపు చెట్లలో కొద్దిగా మాత్రమే బయటికి కనిపిస్తాయి. అందువల్లనే వాటిని బాల్సమ్ ఫర్‌లో ఒక ప్రత్యేక రకంగా వర్గీకరించారు.

అయితే ఆకారం మీద మాత్రమే ఆధారపడితే చిక్కులు తప్పవు. ఎత్తు, ఎండ, గాలి, నేల మారితే ఆకుల పొడవు, మందం మారతాయి. ఒకే చెట్టులో నీడన ఉన్న ఆకు ఒక విధంగా, శిఖరాన శంకువుల పక్కన ఉన్న ఆకు మరొక విధంగా ఉంటుంది. శంకువులు ఏటా కాయవు, కాసినా చెట్టు కొసన ఉంటాయి, త్వరగా విడిపోతాయి. పైగా ఫర్ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ ద విల్మొరిన్ 1867లో గ్రీకు ఫర్‌ను స్పానిష్ ఫర్‌తో ఉద్దేశపూర్వకంగా పరాగసంపర్కం చేసి సంకర వృక్షాన్ని పొందారు. తోటలో మనిషి చేయగలిగిన పనిని అడవిలో గాలి అంతకంటే విస్తారంగా చేస్తుంది. కాబట్టి వాతావరణానికి తేలికగా లొంగని, కొలతకు అందే మరొక లక్షణం అవసరమైంది.

జిగురులో ఏముంటుంది

తెలుగు ఇళ్లలో తుమ్మబంక, గుగ్గిలం రెండూ తెలిసినవే. తుమ్మబంక నీటిలో కరుగుతుంది. గుగ్గిలం కరగదు, నిప్పుల మీద వేస్తే పరిమళంతో కాలుతుంది. ఫర్ వృక్షపు జిగురు ఈ రెండవ కోవకు చెందినది. దీనినే రెసిన్ అంటారు. పైన్ చెట్లలో రెసిన్ కలప లోపలి నాళాల్లో ప్రవహిస్తుంది. ఫర్ కలపలో సాధారణంగా అటువంటి నాళాలు ఉండవు, గాయమైనప్పుడు మాత్రమే ఏర్పడతాయి. ఫర్ తన రెసిన్‌ను ప్రధానంగా బెరడులోని బొబ్బల్లో నిల్వ చేసుకుంటుంది. లేత కాండం మీద వేలితో నొక్కితే ఈ బొబ్బలు చిట్లి, పారదర్శకమైన చిక్కని ద్రవం బయటికి వస్తుంది. బాల్సమ్ ఫర్ నుంచి సేకరించిన ఈ ద్రవమే కెనడా బాల్సమ్‌గా ప్రసిద్ధి చెందింది. ఆరిన తరువాత గాజుకు దగ్గరగా కాంతిని వంచే గుణం ఉండటంతో, సూక్ష్మదర్శిని పలకలను భద్రపరచడానికి, కటకాలను అతికించడానికి దానిని చాలాకాలం వాడారు.

ఈ ద్రవంలో బరువైన రెసిన్ ఆమ్లాల వంటి పదార్థాలతో పాటు తేలికగా ఆవిరయ్యే నూనెలుంటాయి. వాటిలో అధికభాగం టర్పీన్లు. ఐదు కార్బన్ పరమాణువుల చిన్న యూనిట్లు రెండు కలిస్తే మోనోటర్పీన్, మూడు కలిస్తే సెస్క్విటర్పీన్, నాలుగు కలిస్తే డైటర్పీన్ ఏర్పడుతుంది. టర్పీన్ల నిర్మాణాన్ని వివరించే పరిశోధనలకు గాను ఒట్టో వాలాక్‌కు 1910లో, లియోపోల్డ్ రుజీచ్కాకు 1939లో నోబెల్ రసాయనశాస్త్ర పురస్కారాలు లభించాయి.

ఫర్ బెరడులో సాధారణంగా కనిపించే ఆల్ఫా పైనీన్, బీటా పైనీన్, కాంఫీన్, లిమొనీన్, బీటా ఫెలాండ్రీన్, త్రీ కేరీన్ అనేవన్నీ మోనోటర్పీన్లే. అన్నింటిలోనూ 10 కార్బన్, 16 హైడ్రోజన్ పరమాణువులే ఉంటాయి. పరమాణువుల అమరికలోనే తేడా. ఆ అమరిక మారడంతో వాసన, మరిగే ఉష్ణోగ్రత మారిపోతాయి. మన దేశంలో హారతికి వాడే కృత్రిమ కర్పూరం కూడా ఈ కుటుంబంతో ముడిపడినదే. పైన్ చెట్ల కర్పూర తైలంలోని ఆల్ఫా పైనీన్‌ను ముందు కాంఫీన్‌గా, ఆపై మరికొన్ని దశల్లో కర్పూరంగా మారుస్తారు.

చెట్టుకు ఈ రసాయనాలు కవచం వంటివి. కీటకం బెరడును తొలిచినప్పుడు, శిలీంధ్రం ప్రవేశించినప్పుడు రెసిన్ ఆ గాయాన్ని మూసివేసి శత్రువును అడ్డుకుంటుంది. 1960వ దశకంలో ఈ రక్షణకు ఒక విచిత్రమైన నిదర్శనం దొరికింది. ప్రాగ్ నుంచి హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వచ్చిన కారెల్ స్లామా తన వెంట తెచ్చిన కీటకాలను పెంచుతుండగా, అవి ప్రౌఢదశకు చేరకుండానే చనిపోసాగాయి. స్లామా, ఆయన సహచరుడు కారొల్ విలియమ్స్ కారణాన్ని వెతకగా, పెంపకపు పాత్రల్లో పరిచిన కాగితం దోషిగా తేలింది. అమెరికాలో ఆ కాగితం తయారీకి బాల్సమ్ ఫర్ కలపను వాడేవారు. కీటకపు బాల్య హార్మోన్‌ను అనుకరించే పదార్థం ఆ కలపలో ఉంది. దానికి తరువాత జువబయోన్ అని పేరు పెట్టారు. అదీ టర్పీన్ల కుటుంబానికి చెందినదే.

బొట్టు నుంచి అంకెల దాకా

ఏ చెట్టు ఏ టర్పీన్‌ను ఎంత పాలు తయారుచేయాలన్నది ప్రధానంగా దాని జన్యువులు నిర్ణయిస్తాయి. కొలవడం మాత్రం తొలిరోజుల్లో కష్టంగా ఉండేది. లీటర్ల కొద్దీ జిగురును సేకరించి, బట్టీ పట్టి, భాగాలుగా వేరుచేయవలసి వచ్చేది. అనేక చెట్ల జిగురును కలిపితే తప్ప అంత పరిమాణం లభించేది కాదు. అలా కలిపితే ఒక్కొక్క చెట్టు ప్రత్యేకత మరుగునపడిపోతుంది. సంకరాన్ని వెతికేవారికి కావలసింది ఆ ప్రత్యేకతే.

1952లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆంథొనీ జేమ్స్, ఆర్చర్ మార్టిన్ గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిని ప్రకటించడంతో పరిస్థితి మారింది. ఈ పద్ధతిలో నమూనాను వేడిచేసి ఆవిరిగా మార్చి, ఒక వాయువు ప్రవాహంతో సన్నని పొడవైన గొట్టంలోకి పంపుతారు. గొట్టం లోపలి పూత ఒక్కొక్క రసాయనాన్ని ఒక్కొక్క మేరకు నిలిపి ఉంచుతుంది. దానివల్ల అవి వేర్వేరు సమయాల్లో రెండవ కొనకు చేరతాయి. చేరిన ప్రతి పదార్థమూ పటంపై ఒక శిఖరంగా నమోదవుతుంది. శిఖరం ఎప్పుడు వచ్చిందో చూసి పదార్థాన్ని, దాని వైశాల్యాన్ని చూసి పరిమాణాన్ని నిర్ణయిస్తారు. ఒక్క బొబ్బలోని బొట్టు దీనికి చాలు. ఒకే రోజున పలు చెట్లను విడివిడిగా పరీక్షించడం సాధ్యమైంది.

పైన్ చెట్లు నేర్పిన పాఠం

సంకరాల అధ్యయనంలో రెసిన్ ప్రయోజనం ముందుగా పైన్ వృక్షాల్లో రుజువైంది. కాలిఫోర్నియాలో పనిచేసిన నికొలస్ మిరోవ్ ప్రపంచంలోని పైన్ జాతుల కర్పూర తైలాలను దశాబ్దాలపాటు విశ్లేషించి, ఫలితాలను 1961లో సమగ్రంగా ప్రచురించారు. కెనడాలోని ఆల్బర్టాలో లాడ్జ్‌పోల్ పైన్, జాక్ పైన్ అనే రెండు జాతులు కలుసుకుంటాయి. మొదటిదాని తైలంలో బీటా ఫెలాండ్రీన్ ప్రధానం. రెండవదానిలో పైనీన్లు ప్రధానం. ఈ రెండింటి సంకరాల తైలంలో ఇరుపక్షాల రసాయనాలూ ఉంటాయని మిరోవ్ 1956లో చూపారు. రూపాన్ని బట్టి అనుమానించిన సంకరాన్ని రసాయనం ధ్రువపరచగలదని దీనితో తేలింది.

సిద్ధాంతపరంగా దారి చూపినవారు అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎడ్గార్ ఆండర్సన్. సంకర సంతానం మళ్లీ మళ్లీ ఒక మూలజాతితోనే కలుస్తూ పోతే, రెండవ జాతి జన్యువులు కొద్దికొద్దిగా మొదటిదానిలోకి చేరిపోతాయని ఆయన 1949లో వెలువడిన గ్రంథంలో వివరించారు. అటువంటి చెట్టు పైకి స్వచ్ఛమైన జాతిలాగే కనిపించవచ్చు. దాని రక్తసంబంధాన్ని ఒక్క లక్షణం పట్టి ఇవ్వలేదు. అనేక లక్షణాలను కలిపి చూసినప్పుడే ఆ చొరబాటు బయటపడుతుంది. ఒక్క బొట్టులో పది పదిహేను కొలతలనందించే రెసిన్ ఈ అవసరానికి సరిగ్గా సరిపోయింది.

అపలాచియన్ శిఖరాల చిక్కుముడి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ జవరిన్, ఆయన సహచరులు 1960, 1970 దశకాల్లో ఉత్తర అమెరికా ఫర్ జాతుల బెరడు బొబ్బల రెసిన్‌ను విస్తృతంగా పరిశీలించారు. బాల్సమ్, ఫ్రేజర్ ఫర్‌లపై వారి అధ్యయనం 1972లో వెలువడింది. దక్షిణ అపలాచియన్ ఫర్‌ల టర్పీన్లపై మరొక బృందం చేసిన అధ్యయనం 1974లో ప్రచురితమైంది.

ఇక్కడ తర్కం కీలకమైనది. మధ్యస్థ లక్షణాలున్న ప్రతి చెట్టూ సంకరం కానవసరం లేదు. రెండు జాతులు ఇటీవలి కాలంలో కలుసుకుని సంకరమైతే, ఆ అడవిలో మూలజాతులను పోలిన చెట్లు, సగం సగం చెట్లు, అన్ని రకాల మేళవింపులు పక్కపక్కనే కనిపించాలి. ఒక జాతి రెసిన్ ఉన్న చెట్టుకు ఆ జాతి శంకువు లక్షణాలే ఎక్కువగా ఉండాలి. అలాకాకుండా ఒకప్పుడు ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఏకధాటిగా ఉన్న జాతి క్రమంగా మారుతూ వచ్చి, తరువాత ముక్కలైతే, మధ్య ప్రాంతపు చెట్లన్నీ ఇంచుమించు ఒకే విధమైన మధ్యస్థ రసాయనాన్ని చూపాలి.

అపలాచియన్ సాక్ష్యాన్ని పలువురు శాస్త్రవేత్తలు ఈ రెండవ కథకు అనుకూలంగా చదివారు. గత హిమయుగంలో చల్లని వాతావరణం వల్ల ఫర్ అడవులు కింది ఎత్తులకు దిగి విశాలంగా పరచుకున్నాయి. వాతావరణం వేడెక్కగానే అవి పైకి జరిగి, శిఖరాలపై దీవులవలె ఒంటరిగా మిగిలిపోయాయి. ఒక్కొక్క దీవి తన దారిన తాను మారింది. ఈ దృష్టితో చూస్తే ఫ్రేజర్ ఫర్‌ను, బాల్సమ్ ఫర్‌ను, మధ్య రకాన్ని ఒకే జాతికి చెందిన మూడు రకాలుగా పరిగణించాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. సంకరం జరిగిందన్న వాదన మాత్రం పూర్తిగా తొలగిపోలేదు. వర్గీకరణ గ్రంథాల్లో అధికభాగం ఫ్రేజర్ ఫర్‌ను నేటికీ ప్రత్యేక జాతిగానే చూపుతున్నాయి.

ఇది పేర్ల తగవు మాత్రమే కాదు. ఐరోపా నుంచి అమెరికాకు చేరిన ఒక సూక్ష్మ కీటకం, బాల్సమ్ ఉన్ని అడెల్జిడ్, 1957లో 2,037 మీటర్ల ఎత్తున్న మిచెల్ శిఖరంపై ఫ్రేజర్ ఫర్‌లలో కనిపించింది. ఆ తరువాతి దశాబ్దాల్లో దక్షిణ శిఖరాలపై ఎదిగిన ఫర్ వృక్షాల్లో అత్యధికభాగం ఎండిపోయి, బోసి మానులుగా నిలిచాయి. అడవిని తిరిగి నిలబెట్టాలంటే ఏ శిఖరం విత్తనాన్ని ఏ శిఖరంపై నాటవచ్చో తెలియాలి. మధ్య ప్రాంతపు చెట్లు సొంత బంధువులా, మిశ్రమ సంతానమా అన్న ప్రశ్నకు జవాబు అప్పుడు చేతల్లో అవసరమవుతుంది. క్రిస్మస్ చెట్లుగా ఫ్రేజర్ ఫర్‌నూ, వెస్ట్ వర్జీనియాకు చెందిన కానన్ ఫర్‌నూ పెంచే రైతులకూ ఈ తేడా ముఖ్యమైనదే.

పసిఫిక్ తీరం నుంచి తూర్పు అడవుల వరకు

ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలో రెసిన్ రసాయనం మరొక తీర్పునిచ్చింది. పసిఫిక్ తీర పర్వతాల్లోనూ, లోపలి రాకీ పర్వతాల్లోనూ పెరిగే సబాల్పైన్ ఫర్‌ను చాలాకాలం ఒకే జాతిగా లెక్కించారు. కెనడా శాస్త్రవేత్తలు రిచర్డ్ హంట్, వాన్ రుడ్‌లాఫ్ 1970వ దశకంలో ఆకుల, రెమ్మల నూనెలను విశ్లేషించి, తీరపు చెట్లకూ రాకీ పర్వతాల చెట్లకూ టర్పీన్ల కూర్పులో స్పష్టమైన తేడా ఉందని చూపారు. రెండూ కలిసే ప్రాంతాల్లో ఒకదాని జన్యువులు మరొకదానిలోకి చేరుతున్న ఆనవాళ్లనూ గుర్తించారు. ఆల్బర్టాలో రాకీ పర్వతాల ఫర్, తూర్పు నుంచి వచ్చిన బాల్సమ్ ఫర్ కలుసుకుంటాయి. అంటే పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ తీరం వరకు మూడు ఫర్‌లు గొలుసుకట్టుగా చేతులు కలుపుకొని ఉన్నాయన్నమాట.

ఈ ఆధారాలకు మరికొన్ని లక్షణాలు జతపడ్డాయి. ఆకు రాలినచోట మిగిలే మచ్చ రంగులో, కలపలోని స్ఫటికాల్లో తేడాలు కనిపించాయి. తీరపు ఫర్ కలపలో ఉండే లాసియోకార్పినొనాల్ అనే పదార్థం రాకీ పర్వతాల ఫర్‌లో లేదని తేలింది. 1993లో వెలువడిన ఉత్తర అమెరికా వృక్షసంపద గ్రంథంలో హంట్ ఈ రెండింటినీ వేర్వేరు జాతులుగా నమోదు చేశారు. అయితే అందరూ దీనిని అంగీకరించలేదు. ఒకే జాతిలోని రెండు రకాలుగా పరిగణించేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియా, ఐడహో ప్రాంతాల్లో గ్రాండ్ ఫర్, వైట్ ఫర్ కలిసే అడవులు మరొక ప్రసిద్ధ ఉదాహరణ. వైట్ ఫర్ ఆకుల పైభాగంలోనూ పత్రరంధ్రాలుంటాయి. గ్రాండ్ ఫర్ ఆకుల పైభాగంలో సాధారణంగా ఉండవు. మధ్య ప్రాంతపు చెట్లలో ఈ లక్షణం కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. అక్కడ కూడా ఆకుల కొలతలను, బెరడు టర్పీన్లను కలిపి పరిశీలించారు.

గ్రీసులో సంకరం, సిసిలీలో సంకటం

ఐరోపాలో ఈ చర్చకు కేంద్రం గ్రీసు. దక్షిణాన గ్రీకు ఫర్, బాల్కన్ ప్రాంతపు ఉత్తరాన సిల్వర్ ఫర్ పెరుగుతాయి. నడుమ ఉన్న పర్వతాల్లోని మధ్యస్థ వృక్షాలకు జర్మన్ వృక్షశాస్త్రవేత్త మాట్‌ఫెల్డ్ 1925లో బల్గేరియా రాజు మూడవ బోరిస్ పేరు పెట్టారు. ఇది పై రెండు జాతుల సంకరం నుంచి స్థిరపడిన సమూహమన్న అభిప్రాయానికి విస్తృతమైన ఆమోదముంది.

ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో మాత్రం సంకరం ప్రమాదఘంటిక మోగిస్తోంది. అక్కడి మడోనియె పర్వతాల్లో సిసిలీ ఫర్ జాతికి చెందిన ఎదిగిన వృక్షాలు 30 మాత్రమే సహజసిద్ధంగా మిగిలాయి. అంతరించిపోయిందనుకున్న ఈ జాతి 1957లో తిరిగి కనుగొనబడింది. సమీపంలో గతంలో నాటిన పరాయి ఫర్‌ల పుప్పొడి గాలిలో వచ్చి చేరితే, ఈ ముప్పై చెట్ల విత్తనాల నుంచి సంకర మొక్కలు మొలుస్తాయి. ఆదరంగా పెంచిన నారులో ఏది స్వజాతి మొక్కో, ఏది సంకరమో తేల్చకుండా అడవిలో నాటితే, జాతిని కాపాడాలన్న ప్రయత్నమే దానిని కరిగించివేసే ప్రమాదముంది. కంటికి రెండు మొక్కలూ ఒకే విధంగా కనిపిస్తాయి. అందుకే పరీక్ష తప్పనిసరి అవుతోంది.

జాగ్రత్తలు లేకుంటే తప్పుదారే

రెసిన్ సాక్ష్యాన్ని చదవడంలో ఎన్నో మెలకువలు పాటించాలి. మొదటిది, నమూనా ఎక్కడినుంచి తీశారన్నది. ఒకే చెట్టు బెరడులో ఒక కూర్పు, ఆకులో మరొక కూర్పు ఉంటుంది. ఆకుల నూనెలో గణనీయంగా ఉండే బోర్నిల్ ఎసిటేట్ బెరడు బొబ్బల్లో అంతగా కనిపించదు. బెరడును బెరడుతో, ఆకును ఆకుతో మాత్రమే పోల్చాలి. రెండవది కాలం. చిగురు వేసే రోజుల్లో ఆకుల టర్పీన్లు వేగంగా మారతాయి. ఎదుగుదల ఆగిన చలికాలంలో స్థిరంగా ఉంటాయి. మూడవది గాయం. కీటకం సోకిన చెట్టు మామూలుకంటే భిన్నమైన రెసిన్‌ను స్రవించవచ్చు. నాలుగవది నిల్వ. మూత వదులైన సీసాలో తేలిక నూనెలు ఆవిరై, మిగిలిన భాగం గాలితో చర్య జరిపి మారిపోతుంది.

వీటిని మించిన చిక్కు గణితంలో ఉంది. ఫలితాలను సాధారణంగా శాతాల్లో చెబుతారు. మొత్తం ఎప్పుడూ 100 కాబట్టి, ఒక టర్పీన్ పెరిగితే మిగిలినవి నిజంగా తగ్గకపోయినా అంకెల్లో తగ్గినట్టు కనిపిస్తాయి. మరొక చిక్కు జన్యువుల్లో ఉంది. సంకరం అంటే అన్నింటిలోనూ సరిగ్గా సగం అని అనుకోరాదు. ఒక జన్యురూపం మరొకదానిపై ఆధిపత్యం వహిస్తే, సంకర సంతానం ఒక తల్లిదండ్రినే పోలి ఉండవచ్చు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రాడ్నీ క్రొటో బృందం గ్రాండ్ ఫర్ మీద చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని మరింత లోతుగా తెలిపాయి. టర్పీన్లను తయారుచేసే ఎంజైమ్‌ల జన్యువులను ఆ బృందం 1990వ దశకంలో వేరుచేసింది. వాటిలో ఒక్క ఎంజైమ్ 52 వేర్వేరు సెస్క్విటర్పీన్లను తయారుచేయగలదని 1998లో ప్రకటించింది. దీని అర్థం స్పష్టం. పటంపై 50 శిఖరాలు కనిపించినంత మాత్రాన 50 స్వతంత్ర సాక్షులు దొరికినట్టు కాదు. అవన్నీ ఒకే జన్యువు చెబుతున్న ఒకే మాట కావచ్చు. పాత అధ్యయనాలను తిరిగి చదివేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

డీఎన్ఏ వచ్చిన తరువాత

నేడు సంకరాలను నిర్ధారించడానికి ప్రధానంగా డీఎన్ఏపైనే ఆధారపడుతున్నారు. ఫర్ వృక్షాల్లో ప్రకృతి ఇందుకు ఒక సౌలభ్యాన్ని కల్పించింది. కణంలోని మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి చెట్టు నుంచి, హరితరేణువు డీఎన్ఏ పుప్పొడి ద్వారా తండ్రి చెట్టు నుంచి సంతానానికి అందుతుంది. విత్తనం చెట్టుకు చేరువలోనే రాలుతుంది. పుప్పొడి కొండలు దాటి ప్రయాణిస్తుంది. కాబట్టి ఒక చెట్టులో తల్లివైపు ఆనవాలు ఒక జాతిదిగా, తండ్రివైపు ఆనవాలు మరొక జాతిదిగా ఉంటే, సంకరం జరిగిందని మాత్రమే కాక ఏ దిశగా జరిగిందో కూడా తెలుస్తుంది. రెసిన్ ఒక్కటే ఈ దిశను చెప్పలేదు.

అయినా రెసిన్ అధ్యయనం మూలపడలేదు. డీఎన్ఏ ఆనవాళ్లు ఎవరు ఎవరి సంతానమో చెబుతాయి. ఆ సంతానం కీటకాన్ని ఎదుర్కోగలదా, శిలీంధ్రాన్ని తట్టుకోగలదా అన్నది మాత్రం చెట్టు వాస్తవంగా తయారుచేసే రసాయనాలను బట్టి కూడా ఉంటుంది. వాతావరణం వేడెక్కుతూ పర్వత జాతులు పైకి జరుగుతున్న ఈ కాలంలో సంకరం కొన్నిచోట్ల ముప్పుగా, కొన్నిచోట్ల కొత్త సహనశక్తిని అందించే మార్గంగా పరిణమించవచ్చు. ఏది ఏదో తెలియాలంటే వంశం, రసాయనం రెండూ తెలియాలి.

హిమాలయాల్లో తాళీసపత్రం

ఈ విషయానికి భారతదేశంతో నేరుగా సంబంధముంది. పశ్చిమ హిమాలయాల్లో పిండ్రో ఫర్, దానికంటే ఎత్తైన వాలుల్లో స్పెక్టాబిలిస్ ఫర్ పెరుగుతాయి. మొదటిదాని ఆకులు పొడవుగా వేలాడుతున్నట్టు ఉంటాయి. రెండవదాని ఆకులు పొట్టిగా, అడుగున తెల్లని చారలతో ఉంటాయి. రెండింటి హద్దులు కలిసేచోట మధ్యస్థ రూపాలు కనిపిస్తాయి. వాటిని గురించి వృక్షశాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. తూర్పు హిమాలయాల్లో సిక్కిం, భూటాన్, అరుణాచల్ వైపు డెన్సా ఫర్ విస్తరించి ఉంది.

తెలుగువారికి ఫర్ చెట్టు అపరిచితం కావచ్చు, దాని ఆకు కాదు. దగ్గుకు, జలుబుకు ఆయుర్వేద వైద్యులు ఇచ్చే తాళీసాది చూర్ణంలోని తాళీసపత్రం హిమాలయ ఫర్ ఆకే. భారత ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం దీనిని వెబ్బియానా ఫర్‌గా పేర్కొంటుంది. స్పెక్టాబిలిస్ ఫర్‌కు అది పాత పేరు. అయితే అంగళ్లలో అదే పేరుతో యూ వృక్షం ఆకులు కూడా చేరుతుంటాయి. యూ ఆకుల్లో గుండెపై ప్రభావం చూపే విష పదార్థాలున్నాయి. క్యాన్సర్ ఔషధం కోసం విచక్షణ లేకుండా నరకడంతో హిమాలయ యూ వృక్షమే ప్రమాదంలో పడింది. ఎండిన ఆకుల్లో రెండింటినీ వేరుచేయడం సామాన్యులకు కష్టం. సూక్ష్మదర్శిని కింద మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. ఫర్ ఆకును అడ్డంగా కోస్తే రెండు జిగురు నాళాలు కనిపిస్తాయి. యూ ఆకులో జిగురు నాళాలే ఉండవు.

అపలాచియన్ శిఖరంపై ఏ విత్తనాన్ని నాటాలో, సిసిలీ నారుమడిలో ఏ మొక్కను ఉంచాలో, మన మందుల అంగడిలో ఏ ఆకును తూకం వేయాలో నిర్ణయించడానికి ముందు చెట్టు ఎవరిదో తెలియాలి. బెరడు కింద దాగిన జిగురు ఆ గుర్తింపుకు ఇప్పటికీ పనికివస్తున్న సాక్ష్యం.